అనాది, నిత్యం: సృష్టి విచారంలో రెండు పదాల భేదం

ఈశ్వరుడు, సృష్టి నిత్యమా అనే విచారంలో ‘అనాది’, ‘నిత్యం’ అనే మాటలను పర్యాయపదాలుగా గ్రహించరాదు. ఆది లేనిది అనాది. ఆద్యంతాలు రెండూ లేనిది నిత్యం. నైయాయికులు చెప్పే ప్రాగభావం ఇందుకు నిదర్శనం. కుండ పుట్టకముందున్న దాని అభావానికి ఆది లేదు. కుండ పుట్టగానే అది నశిస్తుంది.

ఈ భేదం ఈశ్వరుని న్యాయానికి సంబంధించినది. జీవుల సుఖదుఃఖ తారతమ్యాలకు వారి కర్మే కారణమైతే, తొలి సృష్టికి ముందు కర్మ ఎక్కడిది? సంసారం అనాది కనుక ‘తొలి సృష్టి’ అనేదే లేదని బ్రహ్మసూత్రాల (2.1.34-35) సమాధానం. సృష్టికి ఆది ఉందంటే ఈశ్వరునికి పక్షపాతదోషం తప్పదు.

పరతత్త్వం నిత్యమన్న విషయంలో వేదాంతులకు వివాదం లేదు. అనాదియైన జగత్తుకు అంతం ఉందా అన్నచోటనే భేదం. శంకరుల మతంలో అవిద్య అనాదియైనా జ్ఞానంతో నివర్తిస్తుంది. రామానుజుల మతంలో చిదచిత్తులు ఈశ్వరుని శరీరంగా నిత్యం. ప్రళయంలో సూక్ష్మంగా, సృష్టిలో స్థూలంగా ఉంటాయి.

కనుక తెలుగు కావ్యంలో ‘అనాది’ అనే విశేషణం కనిపించినంత మాత్రాన కవిని జగన్నిత్యత్వవాదిగా నిర్ణయించలేము. అతడు అంతాన్ని అంగీకరించాడా అన్నది విడిగా పరిశీలించాలి.