పల్లె బిడ్డకు విశ్వవిద్యాలయ ప్రవేశము

 

పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున మన యూళ్ళలో ఒక ప్రశ్న పుట్టును. మార్కులు బాగుగ వచ్చిన బాలుని తండ్రి రచ్చబండకడకు వచ్చి, "అయ్యా, పిల్లవాడు బాగుగనే చదివినాడు. ఇక మీద చదివించుట యెట్లు?" అని యడుగును. అతనికున్నది రెండెకరముల మెట్ట. పట్టణపు కళాశాలల రుసుములు వినినచో ఆ మెట్టయు చేజారునేమో యను భయము కలుగును. అట్టివానికి మీరు చెప్పదగిన సమాధానమొకటి కలదు. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని.

మా గురువుల తరమువారు చదువుకొరకు ఊరు విడిచి, పరగ్రామమున వారములు చేసికొని చదివిరి. సోమవారమొక యింట, మంగళవారమొక యింట భోజనము. రాత్రి యేదో యొక యరుగు మీద నిద్ర. అన్నము పెట్టిన తల్లులు చల్లగా నుండిరి గనుక ఆ చదువులు సాగినవి. నేడు ఆ వారములు చేయు పని లేకుండ, ప్రభుత్వమే భోజనవసతులు గల యొక విశ్వవిద్యాలయమును పల్లె పిల్లలకొరకు నెలకొల్పినది. దాని పేరు రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్. ఇంత పొడవైన పేరు పలుకలేక జనులు దానిని "ట్రిపుల్ ఐటీ" యని పిలుచుచున్నారు. ఇక్కడ ఒక భ్రాంతిని తొలగింపవలెను. హైదరాబాదు గచ్చిబౌలిలో 1998లో వెలసిన ట్రిపుల్ ఐటీ వేరు. అది ఇంటర్మీడియట్ చదివినవారు పోటీ పరీక్షలు వ్రాసి చేరునట్టిది. నేను చెప్పునది పదవ తరగతి ముగించిన పల్లె పిల్లలు చేరునట్టిది.

ఈ విశ్వవిద్యాలయము 2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము వలన ఏర్పడినది. మొదట మూడు ప్రాంగణములు వెలసినవి. గోదావరీ తీరమున, పిల్లలకు అక్షరాభ్యాసము చేయించుటకు మనవారు పోవు బాసరలో ఒకటి, నూజివీడులో ఒకటి, కడప జిల్లా ఇడుపులపాయలో ఒకటి. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు బాసర తెలంగాణమునకు చేరినది. తక్కిన రెండును ఆంధ్రప్రదేశ్‌లో నిలిచినవి. 2016లో ఒంగోలు, శ్రీకాకుళము పేరిట మరి రెండు వాటితో చేరినవి. కావున తెలంగాణమువారు బాసరకును, ఆంధ్రప్రదేశ్‌వారు తమ నాలుగు ప్రాంగణములకును వేర్వేరుగా వెలువడు ప్రకటనలను చూచుకొనవలెను. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగింటికిని దరఖాస్తు ఒక్కటే. ఏ ప్రాంగణము ముందు, ఏది వెనుక యని వరుస వ్రాసి యిచ్చిన చాలును. అక్కడ ఒక్కొక్క ప్రాంగణమునకు సుమారు 1000 స్థానములు కలవు.

ఇక్కడి చదువు ఆరు సంవత్సరములు. మొదటి రెండేండ్లు ఇంటర్మీడియట్‌తో సమానము. తరువాతి నాలుగేండ్లు ఇంజనీరింగు. ఆ రెండేండ్లలో తెచ్చుకొన్న మార్కులనుబట్టి కంప్యూటరు, ఎలక్ట్రానిక్సు, సివిలు, మెకానికలు మొదలగు శాఖలు పంచెదరు. పిల్లలందరు ప్రాంగణముననే నివసింపవలెను. రుసుము లేకపోలేదు, కాని ప్రైవేటు కళాశాలల రుసుముతోడను, పట్టణమున గది యద్దెతోడను పోల్చినచో అది స్వల్పము. ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబముల విషయమున ఆ రుసుమును ప్రభుత్వపు ఫీజు పథకము భరించును. అయినను ప్రవేశ దినమున ప్రవేశ రుసుము, తిరిగి యిచ్చెడి జాగ్రత్త సొమ్ము, ఆరోగ్య బీమా మొదలగువాని క్రింద కొంత పైకము చేత నుండవలెను. ఎంతయో ఆ యేటి ప్రకటనలో స్పష్టముగా వ్రాసి యుండును. ఆ మాట ముందే తండ్రికి చెప్పుడు. కడపటి రాత్రి వడ్డీకి పరుగెత్తకుండ నుండును.

ఇక ప్రవేశము ఎట్లు దొరకును? దీనికి ప్రత్యేకముగ పోటీ పరీక్ష లేదు. మహమ్మారి కాలమున పదవ తరగతి పరీక్షలు జరుగనప్పుడు కొంత మార్పు చేసిరి గాని, తక్కిన యేండ్లలో పదవ తరగతి ఫలితమే గీటురాయి. ఆ యేడే, మొదటి పర్యాయముననే ఉత్తీర్ణులైనవారు అర్హులు. ఇందు మన పల్లెలకు మేలైన నియమమొకటి కలదు. ఇంటినుండి పోయి వచ్చుచు ప్రభుత్వ పాఠశాలలో చదివిన పిల్లలకు, వారి వెనుకబాటును గుర్తించి కొంత యదనము కలుపుదురు. పదవ తరగతికి గ్రేడు పాయింట్లు ఇచ్చిన కాలమున ఆ యదనము 0.4గా నుండెను. దాని బలమెంతయో చూడుడు. పట్టణపు ప్రైవేటు బడిలో 9.6 తెచ్చుకొన్న పిల్లవాడొకడు, మన జిల్లా పరిషత్తు బడిలో 9.3 తెచ్చుకొన్న పిల్ల యొకతె దరఖాస్తు చేసిరనుకొందము. 0.4 కలిపినంతనే మన పిల్ల 9.7తో ముందు నిలుచును. ఇది దయాధర్మము కాదు. కోచింగులు లేక, సాయంకాలము గొడ్లకు మేత వేసి, చెల్లెలిని నిద్రపుచ్చి చదివిన చదువునకు కట్టిన వెల. పిల్ల చదివినది ఏ తరహా పాఠశాలయో దరఖాస్తులో సరిగా గుర్తింపకున్నచో ఈ యదనము చేజారును.

ఇద్దరికి సమానముగా వచ్చినచో గణితమున ఎక్కువ తెచ్చినవారిని, అదియు సమానమైనచో విజ్ఞాన శాస్త్రమున ఎక్కువ తెచ్చినవారిని ముందు నిలుపుదురు. కావున తొమ్మిదవ తరగతినుండియే ఈ రెంటిపై దృష్టి యుంచుమని పిల్లలకు చెప్పుట మంచిది.

పెద్దలారా! ఇంతవరకు చెప్పినది తెలివికి సంబంధించినది. ఇక కాగితముల మాట. నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనై పనిచేసి విరమించితిని. ఆ యేండ్లలో కన్నది ఒకటి చెప్పెదను. పల్లె పిల్లలు స్థానము పోగొట్టుకొనుట తరచుగా తెలివి తక్కువ వలన కాదు. సమయమునకు కాగితము లేమి వలన. మార్కులున్న పిల్ల కుల ధ్రువపత్రము రాలేదని వెనుదిరిగినప్పుడు కలుగు బాధ, తప్పిన పిల్లను చూచినప్పటి బాధకంటె పెద్దది. ఏలయన ఇందు పిల్ల దోషము రవ్వంతయు లేదు. అది పెద్దలమైన మనము చేయవలసిన పని.

కావున ప్రకటన వెలువడువరకు వేచి యుండక, పరీక్షలు ముగిసిన నాడే ఈ క్రింది పత్రములను ఒక సంచిలో చేర్పింపుడు.

మొదటిది, చదువు ధ్రువపత్రములు. పిల్ల ఏ ప్రాంతమువాడో నిర్ణయించుటకు పుట్టిన యూరు చాలదు; వరుసగా ఏ యేండ్లు ఎక్కడ చదివెనో చూచెదరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన ఏర్పడిన పద్ధతి ఇది. బడులు మారిన పిల్లవాడైనచో ప్రతి బడినుండియు పత్రము తీసికొనవలెను. వేసవిలో బడులు మూతపడును. ప్రధానోపాధ్యాయుడు ఊరికి పోవును. కావున ఏప్రిల్‌లోనే సంతకము పెట్టించుకొనుడు.

రెండవది, కుల, ఆదాయ ధ్రువపత్రములు. వీనిని మండల తహశీల్దారు కార్యాలయమువారు ఇత్తురు. దరఖాస్తు మీసేవలోనో, సచివాలయమునందో పెట్టవలెను, విచారణ జరుగవలెను, కొన్ని దినములు పట్టును. ఫలితములు వచ్చిన వారమున మండలమంతయు అక్కడనే మూగును. అగ్రకులములలోని పేదలకు 2019నుండి నూటికి పది స్థానములు ఏర్పడినవి. వారికి కావలసిన పత్రము ఏటికేడు క్రొత్తగా తీసికొనవలసినది. నిరుటి పత్రము పనికిరాదు.

మూడవది, పేరు. ఇది చిన్నదిగా కనబడును గాని పెక్కు చిక్కులు ఇందే పుట్టును. బడి రిజిస్టరులో ఇంటిపేరు ముందు, ఆధారు కార్డులో వెనుక. ఒకచోట "లక్ష్మి", మరియొకచోట "లక్ష్మీదేవి". పుట్టిన తేదీ ఒకచోట జూన్, ఒకచోట ఆగస్టు. పదవ తరగతి పత్రములో ఉన్నదే ప్రమాణమని యెంచి, తక్కినవానిని దానికి అనుగుణముగా ముందే దిద్దించుకొనవలెను. తొమ్మిదవ తరగతిలోనే సరిచూచినచో బడి రిజిస్టరును సైతము దిద్దుటకు వ్యవధి యుండును.

నాల్గవది, ఫోను నంబరు. దరఖాస్తు ఇంటర్నెట్టు ద్వారానే చేయవలెను గనుక మనవారు కేంద్రమునకు పోవుదురు. అక్కడి కుఱ్ఱవాడు తొందరలో తన నంబరునే వ్రాసివేయుట కద్దు. ఎంపికయైన వార్త ఆ నంబరుకే పోవును, ఇంటికి చేరదు. ఇంటిలో ఎప్పుడును ఉండు నంబరునే యిచ్చి, అది ఆరు నెలలు మారకుండ చూడుడు. మీట నొక్కకముందు దరఖాస్తును చదువవచ్చిన యొకరు ఆమూలాగ్రముగ చదువవలెను. పిమ్మట అచ్చు ప్రతిని తీసికొని సంచిలో నుంచవలెను.

ఎంపిక జాబితా వెలువడిన తరువాత అసలు పత్రములతో, వానికి నకళ్ళతో, పిల్లతోను తల్లిదండ్రులలో ఒకరితోను చెప్పిన దినమున హాజరు కావలెను. ఆ దినము తప్పినచో స్థానము మరియొకరికి పోవును. అసలు పత్రములు అక్కడ నుంచుకొందురు గనుక, ముందే నాలుగైదు నకళ్ళు తీసి యింట నుంచుట వివేకము. మొదటి జాబితాలో పేరు లేదని నిరాశ వలదు. చేరనివారి స్థానములకు మరల పిలుతురు. "ఇంత ఇచ్చిన సీటు ఇప్పించెదను" అనువాడు వచ్చినచో వానిని వాకిటనుండియే పంపివేయుడు. వరుస మార్కులది, దానిని కొన్నవాడు లేడు, అమ్మినవాడు లేడు.

మరి రెండు మాటలు. పదునైదేండ్ల బిడ్డను ఆరేండ్లు ఇల్లు విడిపించుట చిన్న పని కాదు. బోధన ఆంగ్లమున జరుగును. తెలుగు మాధ్యమమున చదివిన పిల్ల మొదటి మాసములలో తత్తరపడును. ఇంటిమీద బెంగతో ఏడ్చుచు ఫోను చేయును. అప్పుడు "వచ్చేయుము" అని తొందరపడక, "కొంచెమోర్చుకొనుము" అని చెప్పగల పెద్ద యొకరు ఊరిలో ఉండవలెను. అదే సమయమున పిల్ల చెప్పు కష్టమును తేలికగా తీసివేయరాదు. అవసరమైనచో పోయి చూచి రావలెను. వేసవి సెలవులలో గణిత, విజ్ఞాన శాస్త్రముల ఆంగ్ల పదములను దినమునకు పది చొప్పున నేర్పించినచో ఆ తత్తరపాటు చాల తగ్గును.

రెండవ మాట బాలికలను గూర్చి. స్థానములలో మూడవ వంతు వారికై కేటాయింపబడినది. అయినను "ఆడపిల్లను అంత దూరమా" యని కొందరు దరఖాస్తే పెట్టింపరు. మార్కులు సంపాదించినది ఆ పిల్ల. ఆమె తరపున వలదనుటకు ముందు ఆమెను ఒక్కసారి యడుగుడు. ప్రాంగణము లోపలనే నివాసము, భోజనము, తరగతి యుండు చదువు, దినదినము బస్సులో పట్టణమునకు పోయి వచ్చు చదువుకంటె భయము తక్కువైనదే.

ఇక్కడ స్థానము దొరకనివారికి ద్వారములు మూతపడలేదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష వ్రాసి మూడేండ్ల డిప్లొమా చదివినచో, మరియొక పరీక్ష ద్వారా ఇంజనీరింగు రెండవ యేట చేరవచ్చును. ప్రభుత్వ గురుకుల కళాశాలలు కలవు. పనిచేసికొనుచు చదువదలచినవారికి 1982లో ఏర్పడి, నేడు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమని పిలువబడు సంస్థ కలదు. వీనికన్నిటికిని కావలసినవి దాదాపు ఆ సంచిలోని పత్రములే.

పూర్వము ఊరిపెద్ద యనగా తగవులు తీర్చువాడు. నేడు మరియొక బాధ్యత చేరినది. మీ యూరి బడిలో ఈ యేడు పదవ తరగతి చదువు పిల్లలు ఎందరో లెక్కింపుడు. పది మందియో, ఇరువది మందియో యుందురు. ఒక్కొక్కరి యింటికి ఒక్క సాయంకాలము పోయి, "సంచి సిద్ధమైనదా?" యని యడుగుడు. దానికి ధనము అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు. నడువగల కాళ్ళు, అడుగగల నోరు చాలును.