గడ్డి మందు, క్యాన్సర్: సాక్ష్యాన్ని తూచడం ఎట్లా?

రసాయన శాస్త్రం పాఠం ముగిసిన తరువాత ఒక విద్యార్థి లేచి నిలబడి ఇట్లా అడిగినాడు: "సార్, గడ్డి మందుతోని క్యాన్సర్ వస్తదంటున్నరు. మా నాయన ప్రతి ఏడు పత్తి చేన్ల అదే కొడ్తడు. వస్తదా, రాదా? ఒక్క మాటల చెప్పండి."

ఆ ఒక్క మాట మేము చెప్పలేకపోయినాము. "వస్తుంది" అన్నా, "రాదు" అన్నా తెలిసినదానికంటె ఎక్కువ చెప్పినట్లే అవుతుంది. కాని తండ్రి ఆరోగ్యాన్ని గురించి అడిగిన బిడ్డకు మౌనం జవాబు కాజాలదు. ఒక రసాయనం మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందా లేదా అన్న సంగతిని శాస్త్రజ్ఞులు ఏ విధంగా విచారిస్తారో, ఆ విచారణ ఎక్కడిదాకా వచ్చినదో మా విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన చేనులోని మందు

ఇచ్చోడ పరిసరాలలోని నల్లరేగడి భూములకు పత్తి ప్రధానమైన పంట. మృగశిర కార్తెలో విత్తిన గింజతో పాటే కలుపు కూడా పైకి వస్తుంది. ముసురు పట్టితే గుంటుక సాగదు. కలుపు తీసే కూలీలు అందరి చేలకూ ఒకేసారి కావలసి వస్తారు. అటువంటి వేళ ఒక్క పూటలో చేనంతా శుభ్రపరచే మందు రైతుకు వరప్రసాదంగా కనిపించడంలో వింత లేదు.

మనవారు గడ్డి మందు అనే వాటిలో ముఖ్యమైనది గ్లైఫోసేట్. దీనికి మొక్కలను చంపే గుణమున్నదని 1970లో అమెరికాలోని మోన్‌శాంటో సంస్థలో పనిచేస్తున్న జాన్ ఫ్రాంజ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. 1974లో అది అమ్మకానికి వచ్చినది. మొక్కలలో కొన్ని ఎమైనో ఆమ్లాలు తయారు కావడానికి అవసరమైన ఒక ఎంజైమును ఇది అడ్డగిస్తుంది. ఆ ఎంజైము మనుషులలో గాని పశువులలో గాని లేదు. అందువల్ల ఇది మనిషికి హాని చేయదని చాలకాలం అందరూ నమ్మినారు.

మామూలు పత్తిపై పడితే ఈ మందు పత్తిని కూడా చంపుతుంది. దీనిని తట్టుకొనే విత్తనం, అనగా మన ప్రాంతంలో బీజీ-3 అని పిలుచుకొనేది, ప్రభుత్వ అనుమతి లేకుండానే చేలకు చేరినది. మన దేశంలో గ్లైఫోసేట్ వాడకానికి అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంటలు లేని భూములకు మాత్రమే. కాబట్టి పత్తి చేనులో ఎంత మందు, ఎన్నిసార్లు, ఏ జాగ్రత్తలతో కొట్టవలెనో డబ్బా మీద రాసి ఉండదు. చట్టానికి చాటుగా జరిగే పనికి లెక్క కూడా ఉండదు. ఈ విషయాన్ని గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాము. చివర దీని అవసరం కలుగుతుంది.

మూడు విధాల సాక్ష్యం

న్యాయస్థానంలో ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పరు. ఉర్దూలో గవాహీ అంటారే, ఆ సాక్ష్యాన్ని శాస్త్రజ్ఞులు మూడు చోట్ల నుంచి సేకరిస్తారు.

మొదటిది మనుషుల నుంచి వచ్చేది. 1775లో లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్ పొగగొట్టాలు ఊడ్చే పనివారిలో ఒక విధమైన క్యాన్సర్ ఎక్కువగా ఉన్నదని గమనించి, దానికి మసి కారణమని చెప్పినాడు. 1974లో అమెరికాలోని లూయివిల్ నగరంలో వినైల్ క్లోరైడ్‌తో ప్లాస్టిక్ తయారుచేసే కర్మాగారంలో కొందరు కార్మికులకు కాలేయంలో యాంజియోసార్కోమా అనే క్యాన్సర్ వచ్చినట్లు బయటపడినది. అది అత్యంత అరుదైన జబ్బు. ఒకే కర్మాగారంలో కొద్దిమందికి కనబడగానే అనుమానం నేరుగా రసాయనం మీదికి పోయినది.

గ్లైఫోసేట్ సంగతి ఇంత సులభం కాదు. దానితో సంబంధమున్నదేమో అని అనుమానిస్తున్న జబ్బు నాన్-హాడ్జికిన్ లింఫోమా. ఇది శోషరస కణాలలో పుట్టే క్యాన్సర్. మందు ముట్టనివారికి కూడా ఇది వస్తుంది. వచ్చినవానిని చూసి ఇది మందు వల్ల వచ్చినదని చెప్పడానికి వాని శరీరం మీద ఏ గుర్తూ ఉండదు. అందుచేత మందు కొట్టినవారిని, కొట్టనివారిని వేల సంఖ్యలో పోల్చి చూడవలె. జబ్బు వచ్చిన తరువాత "ఇరవై ఏండ్ల కింద ఏ మందు వాడినారు?" అని అడిగితే జ్ఞాపకం మోసం చేయవచ్చును. జబ్బు రాకముందే పేర్లు రాసుకొని ఏండ్ల తరబడి గమనించడం మేలైన పద్ధతి. కాని అందుకు ఓపిక, ధనం రెండూ కావలె. పైగా రైతు ఒక్క మందుతో ఆగడు. పది మందులు వాడినవానికి వచ్చిన జబ్బులో ఏ మందు పాలు ఎంతో వేరుచేయడం కష్టం.

రెండవది జంతువుల నుంచి వచ్చే సాక్ష్యం. 1915లో జపానులో యమగివా, ఇచికావా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేళ్ళ చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించి చూపినారు. నేడు ఎలుకలకు, చిట్టెలుకలకు సుమారు రెండేండ్లు, అంటే దాదాపు వాటి జీవితకాలమంతా, రసాయనాన్ని ఆహారంలో కలిపి పెడతారు. జంతువులు వందలలోనే ఉంటాయి కనుక పెద్ద మోతాదు ఇస్తారు. అంత మోతాదు మనిషికి ఎన్నడూ తగలదని కొందరి ఆక్షేపణ. చిన్న మోతాదుతో పరీక్షించవలెనంటే లక్షల జంతువులు కావలసి వస్తాయని ఇతరుల సమాధానం.

మూడవది కణాల నుంచి వచ్చేది. రసాయనం కణంలోని డీఎన్ఏను దెబ్బతీస్తుందా? క్యాన్సర్‌కు దారితీసే మార్పులు కలిగిస్తుందా? దీనివల్ల జబ్బు వచ్చినదని రుజువు కాదు. రావడానికి దారి ఉన్నదా లేదా అన్నది తెలుస్తుంది.

లియాన్‌లో చెప్పిన మాట

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1965లో ఏర్పడినది. దాని కార్యాలయం ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో ఉన్నది. 2015 మార్చిలో 11 దేశాల నుంచి 17 మంది నిపుణులు అక్కడ కూడి గ్లైఫోసేట్‌ను విచారించినారు. మనుషులలో సాక్ష్యం పరిమితమనీ, జంతువులలో చాలినంత ఉన్నదనీ, కణాలలో బలంగా ఉన్నదనీ నిర్ణయించి, దానిని 2ఏ వర్గంలో చేర్చినారు. "మనుషులకు బహుశా క్యాన్సర్ కారకం" అని ఆ వర్గానికి అర్థం. అదే సమావేశంలో మన రైతులకు తెలిసిన మలాథియాన్ కూడా అదే వర్గంలో చేరినది.

ఇక్కడ పత్రికలు, ప్రజలు కూడా పొరబడే విషయమొకటి ఉన్నది. ఈ వర్గాలు ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతాయి. మొదటి వర్గంలో పొగాకు ఉన్నది, ఆస్బెస్టాస్ ఉన్నది, వక్క ఉన్నది, నిలువ ఉంచడానికి శుద్ధిచేసిన మాంసం కూడా ఉన్నది. ఇవన్నీ సమానంగా మనుషులను చంపుతాయని అర్థం కాదు. నాలుగింటి మీదా సాక్ష్యం సమానంగా గట్టిదని మాత్రమే అర్థం. తేలు కుట్టగలదు అన్నది ఒక సంగతి. గాజుసీసాలో మూసిన తేలు మనలను కుడుతుందా అన్నది వేరొక సంగతి. మొదటిది స్వభావం, రెండవది ప్రమాదం. లియాన్‌లోని నిపుణులు విచారించినది మొదటిదానిని.

ఇతరులు కాదన్నది ఎందువల్ల?

2015 నవంబరులో ఐరోపా ఆహార భద్రతా సంస్థ గ్లైఫోసేట్ వల్ల క్యాన్సర్ ప్రమాదముండే అవకాశం లేదన్నది. 2016 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం, ఆహారం ద్వారా లోపలికి పోయే మందుతో క్యాన్సర్ వచ్చే అవకాశం లేదన్నది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2020లో అదే చెప్పినది. అయితే 2022 జూన్‌లో ఆ దేశపు ఒక అప్పీలు న్యాయస్థానం, ఆ నిర్ణయంలో మానవ ఆరోగ్యానికి సంబంధించిన భాగానికి తగిన ఆధారం చూపలేదని దానిని కొట్టివేసినది. ఐరోపా సమాజం 2023లో ఈ మందుకు మరి పదేండ్ల అనుమతి ఇచ్చినది.

పండితులందరూ పండితులే అయినప్పుడు ఈ భేదమెందుకు? ముఖ్యమైన కారణాలు మూడు. మొదటిది, లియాన్ నిపుణులు ప్రచురితమై అందరికీ అందుబాటులో ఉన్న పరిశోధనలనే తీసికొన్నారు. ప్రభుత్వ సంస్థలు కంపెనీలు సమర్పించిన అముద్రిత నివేదికలను కూడా లెక్కించినాయి. రెండవది, లియాన్‌లో డబ్బాలో అమ్మే మిశ్రమాన్ని గురించిన పరిశోధనలను కూడా చూసినారు. ఇతరులు ప్రధానంగా శుద్ధ గ్లైఫోసేట్‌ను చూసినారు. డబ్బాలో గ్లైఫోసేట్ ఒక్కటే ఉండదు. ఆకుకు అంటుకొని లోపలికి ఇంకడానికి ఇతర పదార్థాలు కలుపుతారు. వాటిలో పీఓఈఏ అనే దానిని గ్లైఫోసేట్ మందులలో కలపరాదని ఐరోపా సమాజం 2016లో నిషేధించినది. మూడవది, ఒకరు "చేయగలదా?" అని అడిగితే, మరొకరు "ఈ మోతాదులో చేస్తుందా?" అని అడిగినారు. ప్రశ్న మారితే జవాబు మారడం సహజం.

తరువాత వచ్చిన పరిశోధనలు కూడా వివాదాన్ని ముగించలేదు. అమెరికాలో అయోవా, ఉత్తర కెరోలినా రాష్ట్రాలలో మందులు కొట్టే 54,000 మందికి పైగా గమనించిన దీర్ఘ పరిశోధన ఫలితాలు 2018లో వెలువడినాయి. వారిలో సుమారు 45,000 మంది గ్లైఫోసేట్ వాడినవారే. లింఫోమాతో స్పష్టమైన సంబంధం కనిపించలేదు. 2019లో ఆ పరిశోధనను కూడా కలుపుకొని చేసిన మరొక సమీక్షలో, అందరికంటె ఎక్కువగా మందు తగిలినవారిలో ఆ జబ్బు 41 శాతం అధికంగా ఉన్నదని లెక్క తేలినది. శాతం వినగానే బెదరరాదు. ఉదాహరణకు, లక్షమందిలో పదిమందికి వచ్చే జబ్బు 41 శాతం పెరిగితే సుమారు పద్నాలుగు మందికి వస్తుంది. అట్లని ఆ నలుగురు లెక్కలోనివారు కారని కూడా అనరాదు.

ఈ తీర్పులు ఎవరి చేనువి?

ఇంతవరకు చెప్పిన మనుషులు ఎవరు? చాలమట్టుకు అమెరికా, ఐరోపాల రైతులు. వారిలో అనేకులు ట్రాక్టరు మీద కూర్చుండి మందు కొడతారు. మన రైతు పదహారు లీటర్ల పంపు వీపున వేసికొని, వట్టి కాళ్ళతో, తాను కొట్టిన తుంపరలోనే నడుస్తాడు. పంపు కారితే వీపు తడుస్తుంది. మందును చేతితోనో కట్టెతోనో కలుపుతాడు. ఆ చేతులతోనే బీడీ ముట్టిస్తాడు. సాయంత్రం ఆ బట్టలను ఇంటి ఇల్లాలు ఉతుకుతుంది. అక్కడి మోతాదును బట్టి చెప్పిన ధైర్యం ఇక్కడి వీపుకు సరిపోతుందని మేము అనుకోము.

డబ్బా మీది త్రికోణం గుర్తు కూడా ఈ విషయంలో అక్కరకు రాదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు మందు వెంటనే ఎంత విషమో చెబుతాయి. ఇరవై ఏండ్ల తరువాతి సంగతి వాటికి తెలియదు. 2017లో పెన్‌గంగకు ఆవల, మన పొరుగు యవత్‌మాల్ జిల్లాలో పత్తి చేలకు పురుగు మందులు కొడుతూ ఇరవై మందికి పైగా మరణించినారు. వందలమంది ఆసుపత్రుల పాలైనారు. ఆ విషం వెంటనే పనిచేసినది గనుక లోకానికి తెలిసినది. క్యాన్సర్ అట్లా కాదు. అది వచ్చేనాటికి డబ్బా ఉండదు, రశీదు ఉండదు, ఏ మందు కొట్టినామో జ్ఞాపకమూ ఉండదు.

2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు గ్లైఫోసేట్ అమ్మకంపై ఆంక్షలు విధించినాయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం శిక్షణ పొందిన చీడ నివారణ పనివారు తప్ప ఇతరులు దీనిని వాడరాదని ఆదేశించినది. ఆజ్ఞలు మంచివే. కాని కలుపు పెరగడం, కూలీలు దొరకకపోవడం ఆజ్ఞలతో ఆగవు. రైతు కష్టాన్ని తలచకుండా రైతును నిందించడం న్యాయం కాదు.

ఆ విద్యార్థికి మా జవాబు

1965లో లండన్‌లో చేసిన ఉపన్యాసంలో, కారణాన్ని నిర్ణయించే పద్ధతులను వివరించిన బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఒక హితవు చెప్పినారు. శాస్త్రజ్ఞానం ఎప్పుడూ అసంపూర్ణమే అయినా, చేయవలసిన పనిని వాయిదా వేయడానికి అది సాకు కారాదని దాని సారాంశం. దానిని అనుసరించి మా విద్యార్థికి ఈ విధంగా చెబుతున్నాము.

నాయనా, గడ్డి మందు మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని రుజువు కాలేదు. కలిగించదని కూడా రుజువు కాలేదు. అనుమానానికి ఆధారాలున్నాయి. ఆ అనుమానం తీరేదాకా మీ నాయన ఒంటిని తడవనీయకుండా కాపాడుకొందాము. కలుపు గుంటుకకు, చేతికి లొంగినంతవరకు మందు జోలికి పోవద్దని చెప్పు. ఏ మందు కొట్టవలసి వచ్చినా నిండు చేతుల అంగీ, రబ్బరు తొడుగులు, బూట్లు ఉండవలె. గాలికి ఎదురు కొట్టరాదు. కారే పంపును బాగుచేయించవలె. ఆ బట్టలను వేరుగా ఉతకవలె. ఖాళీ డబ్బాలో నీళ్ళు పట్టరాదు.

మరొక పని నీవే చేయగలవు. ఒక నోటుబుక్కు తీసికొని, తేదీ, మందు పేరు, ఎన్ని పంపులు, ఎవరు కొట్టినారు అన్న నాలుగు విషయాలు ప్రతిసారీ రాయి. మీ నాయన చదవలేకపోయినా నీవు రాయగలవు. తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా సరే. కళాశాల కమిటీవారు సైన్సు విద్యార్థులకు తలా ఒక పుస్తకం ఇప్పించి, ప్రతి ఏడు వాటిని భద్రపరిస్తే, రేపు ఏ వైద్యుడైనా, పరిశోధకుడైనా అడిగిననాడు మన వద్ద జ్ఞాపకం కాక లెక్క ఉంటుంది. అయోవా రైతుల లెక్క అయోవా వారు రాసుకొన్నారు. ఇచ్చోడ రైతుల లెక్కను ఇచ్చోడ బిడ్డలే రాయవలె.