కప్పల సంతానము

నేలమీదను నీటిలోను జీవింపగల జంతువులకు ఉభయచరములని పేరు. కప్ప అట్టి జంతువు. పెరిగిన కప్ప నేలపై గంతులు వేయుచు, పురుగులను భక్షించి బ్రతుకును. కాని దాని గ్రుడ్లకు కోడిగ్రుడ్డునకు వలె గట్టి పెంకు లేదు. పొడినేలపై పెట్టినచో అవి త్వరలోనే ఎండిపోవును. కావున కప్పలలో పెక్కు జాతులు సంతానము కొఱకు నీటిని చేరవలసినదే.

మన చెఱువులలో కనబడు పెద్దకప్పను గమనింపుడు. వేసవిలో అది మట్టిలో దాగి కదలక పడియుండును. తొలకరి వానకు గుంటలు నిండగనే పైకి వచ్చును. అప్పుడు మగకప్ప మేను పసుపువన్నె దాల్చును. దాని గొంతునకు ఇరువైపుల నీలిరంగు సంచులు ఉబ్బును. రాత్రివేళ మనము వినెడి బెకబెకలు ఆ సంచులవలన హెచ్చిన ధ్వనియే. ఆ పిలుపు విని ఆడకప్పలు చేరవచ్చును. మగకప్ప ఆడకప్ప వీపునెక్కి ముంగాళ్ళతో గట్టిగా పట్టుకొనును. ఆడకప్ప నీటిలో గ్రుడ్లను విడుచుచుండగా మగకప్ప వానిపై శుక్రకణములను విడుచును. ఇట్లు ఫలదీకరణము తల్లి శరీరమునకు వెలుపలనే జరుగును. గ్రుడ్ల చుట్టునుండు జిగురుపొర వానిని కాపాడును.

కొలది దినములకు గ్రుడ్లనుండి తోకకప్పలు వెలువడును. చూచుటకు అవి చేపపిల్లలవలె నుండును. వానికి కాళ్ళు లేవు; తోక కలదు; మొప్పలతో శ్వాసించును. పిమ్మట వెనుకకాళ్ళు, ఆ తరువాత ముంగాళ్ళు కనబడును. ఊపిరితిత్తులు వృద్ధిచెందును. తోక క్రమముగా శరీరములోనికే ఇంకిపోవును. ఈ మార్పునకు రూపవిక్రియ యని పేరు. దీనిని నడపునది థైరాయిడ్ గ్రంథి. 1912లో గూడర్నాచ్ అను శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు ఈ గ్రంథిని ఆహారముగా పెట్టగా, అవి పెరుగకమునుపే మిక్కిలి చిన్న కప్పలుగా మారినవి.

తోకకప్ప జీవితము కాలముతో పందెము వంటిది. ఎండకు గుంటలోని నీరు తగ్గుచుండును. కాళ్ళు రాకమునుపే నీరు ఇంకినచో తోకకప్పలన్నియు నశించును. కొన్ని జాతుల తోకకప్పలు నీరు తగ్గినపుడు త్వరపడి రూపవిక్రియ పొందును. చేపలు, పక్షులు, నీటిపురుగులు పెక్కింటిని తినివేయును. వేలకొలది గ్రుడ్లలో కప్పలగునవి కొన్నియే.

ఉభయచరము లన్నియు ఒకే విధమున ప్రవర్తింపవు. చెట్టుకప్ప నీటికి పైగా వ్రేలాడు ఆకులపై నురుగుగూడు కట్టి, అందు గ్రుడ్లు పెట్టును. పిల్లలు పుట్టి క్రిందనున్న నీటిలోనికి జారిపడును. పడమటి కనుమలలో కాళ్ళు లేని ఉభయచరములు కలవు. వానిలో కొన్ని జాతుల తల్లి తేమనేలలో గ్రుడ్లు పెట్టి, వాని చుట్టును చుట్టుకొని కాచియుండును.

కప్పలు పంటలను పాడుచేయు పురుగులను తిని రైతునకు మేలు చేయును. ఒకప్పుడు విదేశములకు పంపుటకై పెద్దకప్పలను విరివిగా పట్టి చంపెడివారు. 1987లో భారతదేశము కప్పకాళ్ళ ఎగుమతిని నిషేధించినది. అయినను గుంటలు పూడ్చినచోట, నీటిలో విషపుమందులు కలిసినచోట కప్పల సంతతి నిలువజాలదు. వాననీటి గుంట మనకు బురదమడుగుగా తోచవచ్చును. కప్పకు మాత్రము అదియే పురిటిల్లు.