ఖాళీ విస్తరి

ఒక గృహస్థుడు అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున, కిసిమ్మీ పట్టణమునందు, పెరటిలో ఈతకొలను గల ఇంటినొకదానిని వారము దినములకు అద్దెకు పుచ్చుకొనెననుకొందము. పిమ్మట అతడే, అచటికి కొన్ని మైళ్ల దూరమున చెట్లనడుమ, నీటికుళాయియు, కరెంటు ప్లగ్గును, ఒక బల్లయు వంటివి మాత్రమే గల ఖాళీ జాగాను ఒక రాత్రికి రిజర్వు చేయును. గుడారము వేయడు; వేయు తలంపును లేదు. అతిథులకు లభించు సదుపాయములను మాత్రము గైకొని, తన అద్దె యింటిలోనే సుఖముగా నిద్రించును. యాత్రికుల వాడుకలో దీనికి ‘త్రోఅవే రూమ్’ అని పేరు. పారవేయుటకే కొన్న గది యన్నమాట.

ఆ జాగా వాల్ట్ డిస్నీ వరల్డ్‌వారి ఫోర్ట్ విల్డర్‌నెస్ అను విడిదిలోనిది. ఓర్లాండో సమీపమున 1971 అక్టోబరు 1న తెరచిన ఆ వినోదనగరమునకు ఇదియు నాటి సంవత్సరపు విడిదియే. ఒక్కొక్క జాగాయందు పదిమంది వరకు దిగవచ్చును. వెల తక్కిన హోటలు గదుల వెలకంటె సామాన్యముగా తక్కువ. ఇక సదుపాయమందురా, 1999లో ఫాస్ట్‌పాస్ ప్రవేశపెట్టినపుడు అది సవారివద్ద పెద్ద వరుసలో నిలువక లోనికి పోనిచ్చుటకై, టిక్కెట్టు గల ప్రతివానికిని ఉచితముగా దొరకెడి కాగితపు చీటి; ముందు వచ్చినవానికి ముందు వంతు. 2014లో అది ఫాస్ట్‌పాస్ ప్లస్ అయి, సంస్థవారి విడిదులలో దిగువారు 60 దినములు ముందుగను, ఇతరులు 30 దినములు ముందుగను సమయము నిర్ణయించుకొను ఏర్పాటు వచ్చినది. 2017లో తెరచిన ‘అవతార్’ సవారికి, ముప్పది దినములవారు ఫోను తెరచి చూచునప్పటికి చీటీలు మిగులుట అరుదు. ఆ ముప్పది దినముల యెడమే ఖాళీ జాగాకు గిరాకి తెచ్చినది.

‘డబ్బు చెల్లించితిని, పండుకొనుట మానుట నా యిష్టము’ అనువాని వాదమును నేను తేలికగా త్రోసివేయజాలను. బెర్తు కొన్నవాడు కిటికీకడ కూర్చుండియే తెల్లవార్చినచో టి.టి.ఇ. ఏమనును? పైగా వరుసలోని వంతును పడకతో ముడిపెట్టి అమ్మినది సంస్థయే గదా! ఐనను పంక్తిలో విస్తరి వేయించుకొని, తాంబూలము మాత్రము పుచ్చుకొని లేచిపోయినవాని మూలమున, గుమ్మమువద్ద ఆకలితో నిలిచినవానికి చోటు లేకపోయినచో, తాంబూలము ఖరీదు ఇచ్చితినన్న మాట చాలదు. క్రిస్మస్ దినములలో ట్రైలరు తోలుకొని వచ్చువారికి జాగాలు లేవని చెప్పునపుడు, కొన్ని జాగాలు ఖాళీగానే యుండుట నాకు రుచింపదు. అంతకంటె గర్హ్యమైనది, వేరుచోట దిగిన మిత్రుల పేర్లను గూడ పదిమంది నిండువరకు ఆ జాగాకు వ్రాయించుట. అది మితవ్యయము గాదు, అసత్యము.

యూనివర్సల్ ఓర్లాండోవారి పద్ధతి వేరు. పోర్టోఫీనో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అను మూడు హోటళ్లలో దిగినవారికి, గదిలోని ప్రతివ్యక్తికిని, పెద్ద వరుస తప్పించు ఎక్స్‌ప్రెస్ పాస్ గదివెలలోనే కలిసివచ్చును. దిగు దినమునను, వెడలు దినమునను కూడ చెల్లును. ఒక రాత్రికి గది తీసికొని రెండు దినములు అనుభవించు కుటుంబములు అనేకములు. రద్దీ దినములలో ఆ పాస్‌ను విడిగా కొన్నచో తలకు నూరు డాలర్లు దాటవచ్చును. ఇది సంస్థవారే చాటి చెప్పి అమ్ముచున్న లెక్క. 2025 మే నెలలో తెరచిన ఎపిక్ యూనివర్స్‌కు మాత్రము వారు దీనిని వర్తింపనీయలేదు. దీనిని వాడుకొనువానిని తప్పుపట్టుట నాకు చేతగాదు.

డిస్నీలో ఫాస్ట్‌పాస్ 2020తో ఆగి, తరువాత డబ్బు చెల్లించు పద్ధతి వచ్చినది. 2024 నుండి విడిదివారు ఏడు దినముల ముందు, ఇతరులు మూడు దినముల ముందు సమయము నిర్ణయించుకొనవచ్చును. అర్ధగంట ముందుగా లోనికి పోవు హక్కును విడిదివారికి గలదు. 2025 నుండి, దిగిన దినమున నీటి పార్కు ప్రవేశము ఉచితమైనది.

డాలస్‌లోనున్న మా తమ్ముని కుమారుడు మొన్న ఫోనులో ఆ నీటి పార్కు మాటయే యెత్తెను. ‘‘నలుగురికి టిక్కెట్లు కొనేకంటె ఒక్క రాత్రికి జాగా తీసుకోవడమే నయమేమో పెదనాన్నా, తప్పంటారా?’’ తీసుకొమ్మంటిని, ఐతే గుడారము గూడ వెంట తీసికొనిపోయి, ఆ రాత్రికి అచటనే పండుకొనుమంటిని.

‘‘అక్కడ దోమలుంటాయి పెదనాన్నా!’’ అని నవ్వెను.