అరుగు మీది రోగి

వరంగల్లు కాశిబుగ్గలో, మూతపడిన దుకాణముల ముందరి అరుగులపై తెల్లవారుజామున గోనెసంచి పరచుకొని పండుకొన్నవానిని చూచి జాలిపడువారికంటె, తాగి పడినాడని తప్పుకొనిపోవువారే ఎక్కువ. ఆ మాట తరచుగా నిజమే కావచ్చును; కాని ఒక్కొక్కప్పుడు తాగుటకు దొరకకపోవుటచేతనే అతడట్లు పడియుండును.

ఒక హమాలీని ఊహించుకొనుడు. ఎనుమాముల మార్కెట్టు యార్డు మిర్చి బస్తాలతో నిండి, ఘాటు కండ్లలో నీరు తెప్పించు దినములలో చేతినిండ పని, సాయంకాలమునకు కూలి, ఒంటి నొప్పులకొక క్వార్టరు సీసా. సీజను ముగిసినది, ఉన్నదంతయు తాగి ఊరికి పోవుటకు ముఖము చెల్లక అతడు అరుగుననే నిలిచిపోయినాడు. ఉదయమున టీకొట్టు ముందు గాజుగ్లాసును రెండు చేతులతో పట్టుకొన్నను, టీ తొణికి వ్రేళ్ళమీద పడుచునేయుండును. కడపటి గ్రుక్క దిగిన ఆరేడు గంటలకే మొదలగు ఈ వణకు కొందరికి ఒకటి రెండు దినములలో మూర్ఛగా పరిణమించును. మరి రెండు దినములకు, లేని పురుగులు ఒంటిపై ప్రాకుచున్నట్లును, లేని మనుష్యులు పిలుచుచున్నట్లును తోచు సన్నిపాతస్థితి సంభవించి ప్రాణమునకే ముప్పు తేవచ్చును. వైద్యమా, ఖరీదైనది కాదు: డయాజిపాం జాతి మందులను వైద్యుని కనుసన్నలలో ఇచ్చి క్రమముగా తగ్గించుట, గ్లూకోజు సీసా ఎక్కించుటకు ముందే థయమిన్, అనగా బి-1 విటమిను, సూదిమందుగా ఇచ్చుట. తిండిలేక కృశించినవానికి ఆ విటమిను మరచి గ్లూకోజు మాత్రమే ఎక్కించినచో మెదడునకు హాని కలుగవచ్చును.

తెలంగాణమునకు ఈ సంగతి క్రొత్త కాదు. 2015లో కల్తీ కల్లుపై ప్రభుత్వము దాడులు జరిపినప్పుడు, అందులో కలిపెడి క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, ఆల్ప్రాజోలంలకు అలవడిన శరీరములు ఒక్కుమ్మడిగా తల్లడిల్లి, నిజామాబాదు, మహబూబ్‌నగరు మొదలగు జిల్లాల ఆసుపత్రులు పిచ్చిచేష్టలతోను మూర్ఛలతోను వచ్చినవారితో నిండెను. 2020 మార్చిలో లాక్‌డౌను వలన మూతపడిన మద్యము దుకాణములు మే 6న తిరిగి తెరచువరకు, హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకు అటువంటి రోగుల తాకిడి కలిగెను. వచ్చినవారిలో పెక్కుమందిని తెచ్చినది భార్యయో, తమ్ముడో, కన్నకొడుకో. అరుగు మీది వానిని ఎవరు తేవలెను?

చట్టము మాత్రము అతనిని మరువలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగముతో ముడిపడిన మానసిక స్థితులను కూడ మానసిక రుగ్మతలలో చేర్చి, 18వ సెక్షనులో, నిరుపేదలకును ఇల్లు లేనివారికిని ప్రభుత్వము నడిపెడి, నిధులిచ్చెడి చికిత్సాలయములన్నింట ఉచిత చికిత్స హక్కుగా ప్రసాదించినది. దారిద్ర్యరేఖ కార్డు లేదను కారణమున దానిని నిరాకరింపరాదనియు పలికినది. ఇంత స్పష్టముగా నిరాశ్రయుని పేరెత్తిన చట్టములు మనకు అరుదు. కాశిబుగ్గ వారికి మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, అనగా అందరి నోటను ఎంజీఎం, ఊరిలోనే యున్నది.

కాని పెద్దాసుపత్రి ఏదైనను, వార్డులో మొదటి ప్రశ్న "వెంట ఎవరున్నారు?" అనునదే. మందు తెచ్చుటకు, మూర్ఛ వచ్చినచో నర్సును పిలుచుటకు, రాత్రి మంచము దిగి పారిపోకుండ చూచుటకు ఒక మనిషి కావలెను. పిదప చిరునామా, ఫోను నంబరు. ఇంటికి పోవునప్పుడు వ్రాసి ఇచ్చు మాత్రలలో డైసల్ఫిరాం అనునది ఒకటి. అది కడుపులో నుండగా తాగినచో గుండెదడ, వాంతులు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము. కనుక దినదినమును దగ్గర కూర్చుండి మ్రింగించు ఇల్లాలో తల్లియో ఉన్ననే అది మందు. మాత్రల పొట్లము దాచుకొనుటకు తలగడయైన లేనివానికి దానిని వ్రాసి యేమి లాభము?

లెక్కలలోను ఇదే కథ. కేంద్రము ఎయిమ్స్ వారిచేత చేయించి 2019లో ప్రకటించిన జాతీయ సర్వేలో, మద్యమునకు బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స పొందినవారు 38 మందిలో ఒక్కరే యని తేలినది. మద్యమును గూర్చిన ఆ లెక్క ఇంటింటికిని తిరిగి తీసినది; ఇల్లే లేనివాడు ఆ 38 మందిలోనైన లేడు. 2011 జనాభా లెక్కలలో అట్టివారు దేశమున 17 లక్షలకు పైబడి యుండిరి.

నా అభిప్రాయమున, పది దినముల వార్డు చికిత్స తరువాత రోగిని అదే అరుగునకు పంపుట చికిత్స చేయకుండుటకంటె పెద్ద మేలు కాదు. న్యూయార్కులో 1992లో మొదలైన ఒక పద్ధతి, తాగుడు మానినవానికే గది యను నియమమును తిరుగవేసి, ముందు గది ఇచ్చి పిదప మాన్పించుటకు పూనుకొన్నది. పెక్కుమంది ఆ గదులను నిలుపుకొనిరి. మనకు అంత సంపద లేకపోవచ్చును. కాని జాతీయ పట్టణ జీవనోపాధుల మిషను నిబంధనలే లక్ష జనాభాకు నూరుగురికి తగిన నిరాశ్రయుల వసతి యుండవలెనని చెప్పినవి. బల్దియా వారి వసతిలో నాలుగు మంచములు ఆసుపత్రి నుండి వచ్చువారికై కేటాయించి, అచటి కాపలాదారుచేతనే మాత్రలు మ్రింగించినచో ఆ తల్లి స్థానము కొంత పూరింపబడును. ఆసుపత్రి ఒక శాఖది, వసతి మరియొక శాఖది యగుటయే చిక్కు. రోగి మాత్రము ఒక్కడే గదా!

అంతవరకు కాశిబుగ్గ దుకాణదారులకు ఒక మనవి. తెల్లవారి తలుపు తీయునప్పుడు అరుగుపై వణకుచున్నవానిని నీళ్ళు చల్లి లేపకుడు. 14446 ఉచిత సహాయ నంబరునకు ఫోను చేయుడు. మూర్ఛ వచ్చినచో 108కి. అంబులెన్సు వచ్చినప్పుడు వీలున్నచో వెంట ఎక్కుడు.