పిల్లల ఒంటిపై ఎర్రని పొక్కులు: గజ్జిని గుర్తించుట

గుమ్మలక్ష్మీపురం మండలములోని కొండగ్రామములలో బిడ్డ రాత్రివేళ నిద్రలేక గోకికొనుచుండుట తల్లులకు క్రొత్త సంగతి కాదు. అదియే తగ్గునని ఊరకుండుటయు కలదు. కాని ఎర్రగా లేచిన ఆ చిన్న పొక్కులు గజ్జి కావచ్చును. దానిని గుర్తించు విధమును, పంచాయతి సభ్యులు చేయదగిన పనిని ఇందు వివరింతుము.

గజ్జికి మూలము మిక్కిలి చిన్న పురుగు. ఆడపురుగు చర్మపు పైపొరను తొలిచి అందు గ్రుడ్లు పెట్టును. ఇది దేవతాగ్రహము కాదు. తల్లి అశ్రద్ధకు గుర్తును కాదు. ఈ పురుగే దురదకు కారణమని 1687లోనే ఇటలీలో కనుగొనిరి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యమునకు లోనైన ఉష్ణమండల వ్యాధులలో చేర్చినది.

దీని గుర్తులు నాలుగు. దురద రాత్రివేళ హెచ్చును. వ్రేళ్ల సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు, నడుము, పిరుదులపై పొక్కులు లేచును. పసిబిడ్డలకు అరచేతులు, అరికాళ్లు, తలపై కూడ వచ్చును. కొందరికి పొక్కుల నడుమ సన్నని గీతలు కనిపించును. ఇంటిలో మరొకరికిని దురద యుండును.

చెమటకాయలు వేడికి లేచి, చల్లబడిన తగ్గును, ఇతరులకు అంటవు. తామర గుండ్రని మచ్చగా అంచులనుండి వ్యాపించును. జ్వరము, దగ్గు, కండ్ల ఎరుపుతో ముఖమునుండి దద్దురు దిగినచో తట్టు అని అనుమానించి వెంటనే వైద్యునికి చూపవలెను.

గోకినచోట పుండ్లు పడి చీము పట్టును. అట్టి పుండ్లవలన ఒక్కొక్కప్పుడు మూత్రపిండములు చెడును. ముఖము ఉబ్బినను, మూత్రము ఎర్రబడినను ఆలస్యము చేయరాదు.

మొదటిసారి పురుగు సోకినవారికి నాలుగు నుండి ఆరు వారములవరకు దురద తెలియకపోవచ్చును. అయినను వారినుండి ఇతరులకు అంటును. కనుక ఒక్క బిడ్డకే మందు పూసిన, ప్రక్కలో పరుండు అక్కనుండి మరల సోకును. ఇంటిల్లిపాదికి ఒకేనాడు మందు వాడుటయే ఉపాయము. వైద్యులు సాధారణముగా ఇచ్చు పెర్మెత్రిన్ లేపనమును మెడనుండి అరికాళ్లవరకు, గోళ్ల క్రింద సైతము రాత్రి పూసి, ఉదయమున కడుగవలెను. వారము తరువాత మరల పూయవలెను. రెండు నెలలు నిండని శిశువులకును, గర్భిణులకును వైద్యుని అడిగియే వాడవలెను. కిరసనాయిలు పూయరాదు. అదేనాడు బట్టలు, దుప్పట్లు వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను. తరువాతను కొన్ని వారములు దురద మిగులుట సహజము.

పంచాయతి సభ్యులారా! ఆరోగ్య కార్యకర్తతో సంప్రదించి ఊరంతటికి ఒక దినము నిర్ణయింపుడు. ఆనాడు ఉతుకుటకు నీటికి కొరత లేకుండ చూడుడు. ఆశ్రమ పాఠశాలలనుండి సెలవులకు వచ్చిన పిల్లలను మరువకుడు. గజ్జి పట్టిన బిడ్డను వెలివేయక మందు అందించుటయే గ్రామధర్మము.