చెల్కలో మక్క: సాంద్ర సాగుకు ఏది హద్దు?

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో సంస్థానాధీశుల కాలం నాటి రంగసముద్రం చెరువు భీమా ఎత్తిపోతల పథకంలో జలాశయంగా మారిన తరువాత, కాలువ నీరు అందే పొలమూ వానను మాత్రమే నమ్ముకున్న ఎర్ర చెల్కా ఆ ప్రాంతంలో ఇరుగుపొరుగుగా నిలిచాయి. మక్కను, అంటే మొక్కజొన్నను, ఎక్కువ పెట్టుబడితో సాంద్ర పద్ధతిలో పండించాలా, మామూలు పద్ధతిలోనే సాగించాలా అన్న ప్రశ్నకు ఈ రెండు భూముల్లో ఒకే జవాబు రాదు.

మామూలు సాగు అంటే నాగటి చాలు వెంట విత్తనం జారవిడిచి, పశువుల ఎరువుతో పాటు ఒకటి రెండు దఫాల యూరియా చల్లి, గుంటుకతో కలుపు అణచి, సాళ్ల నడుమ కంది వేసుకునే పాత పద్ధతి. సాంద్ర సాగు అంటే సంకర విత్తనం, కిక్కిరిసిన మొక్కలు, దఫాలవారీ ఎరువులు, జింకు వంటి సూక్ష్మపోషకాలు, కలుపు మందు, కీలక దశల్లో తడులు అన్నీ ఒకే చేనులో ఒకే పంటకాలంలో సమకూర్చడం. యూరియా బస్తాలు పెంచినంత మాత్రాన అది సాంద్ర సాగు కాదు. చాలా చోట్ల జరుగుతున్నది మాత్రం అదే.

ఈ పద్ధతికి ఆయువుపట్టు మొక్కల సంఖ్య. 1930ల నుంచి అమెరికాలో వచ్చిన సంకర రకాలను పోల్చి చూసిన ప్రజనన శాస్త్రవేత్త డొనాల్డ్ డువిక్, దూరం దూరంగా నాటినప్పుడు కొత్త రకం మొక్క ఇచ్చే దిగుబడి పాత రకం కంటే పెద్దగా పెరగలేదనీ, పెరిగినదల్లా కిక్కిరిసినా కంకి వేయగలిగే ఓర్పేననీ తేల్చాడు. కాబట్టి ఖరీదైన విత్తనం కొని పలుచగా వేసిన రైతు, ఆ విత్తనంలోని అసలు గుణాన్ని వాడుకోకుండానే దానికి డబ్బు చెల్లించినట్టవుతుంది. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు ఉంచితే ఎకరానికి సుమారు 33 వేల మొక్కలు నిలుస్తాయి. ఒక్కో కంకికి 100 గ్రాముల గింజ దక్కినా అది 33 క్వింటాళ్లు. పలుచగా 20 వేల మొక్కలే ఉన్న చేనులో కంకికి 120 గ్రాములు వచ్చినా 24 క్వింటాళ్లు దాటదు. మొక్కలెన్ని ఉన్నాయో తెలుసుకోవడం సులువే: 60 సెంటీమీటర్ల సాళ్లున్న చేనులో ఒక సాలు వెంట 22 అడుగులు కొలిచి, అందులోని మొక్కలను లెక్కించి వెయ్యితో హెచ్చవేస్తే ఎకరం లెక్క వస్తుంది. నాలుగైదు చోట్ల లెక్కించి సగటు తీసుకోవడం మేలు.

మొక్కలు పెరిగితే ఆకలీ పెరుగుతుంది. ఎకరానికి 80 కిలోల నత్రజని అంటే, అంతా యూరియాగానే వేస్తే, 45 కిలోల బస్తాలు దాదాపు నాలుగు. వాటిని విత్తేటప్పుడు, మోకాలెత్తు దశలో, పూతకు ముందు మూడు భాగాలుగా వేయకపోతే, తేలిక చెల్కలో కొంత నత్రజని వానతో వేరు కిందికి జారిపోతుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రెడ్ బిలో బృందం మామూలు సాగుకు ఒక్కో అంశాన్ని చేర్చుతూ, సాంద్ర సాగు నుంచి ఒక్కో అంశాన్ని తొలగిస్తూ ప్రయోగాలు చేసి, ఈ అంశాలు విడివిడిగా కంటే జతగా ఉన్నప్పుడే ఎక్కువ ఫలమిస్తాయని చూపింది. దిగుబడిని నిర్ణయించే ఏడు అంశాల వరుసలో బిలో నత్రజనిని రెండో స్థానంలో ఉంచాడు. మొదటి స్థానం వాతావరణానిది.

ఆ మొదటి స్థానమే చెల్క రైతుకు చిక్కు. కంకి కొసన వేలాడే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు దారి. మగపూత పుప్పొడి రాల్చే కొద్ది రోజుల్లోనే ఆ పోగులు బయటికి రావాలి. అప్పుడు బెట్ట తగిలితే పీచు ఆలస్యమై, పుప్పొడి అయిపోయి, సగం గింజలు కట్టని బెండు మిగులుతుంది. కిక్కిరిసిన చేనులో ఉన్న తేమ కోసం పోటీ ఎక్కువ కనుక ఈ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. మొదటి నెలలో నీరు నిలిచినా మక్క ఓర్వదు. అందుకే బరువు నేలల్లో బోదెల మీద విత్తడం అవసరం. 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు రెండు పద్ధతుల్నీ వదలదు; మొవ్వలో రంపపు పొట్టు లాంటి రెట్ట కనిపించిన తొలి రోజుల్లోనే మందు వేయాలి.

కంది అంతరపంట సంగతి వేరు. మక్క దెబ్బతిన్నా కంది నిలబడి వానాకాలపు నష్టాన్ని కొంత పూడుస్తుంది. అయితే మక్కలో వాడే అట్రజిన్ కలుపు మందు కందిని చంపుతుంది కనుక సాంద్ర సాగులోని ఈ ఒక్క అంశాన్ని అరువు తెచ్చుకున్నా పాత రక్షణ పోతుంది. పూత దశలో కనీసం రెండు తడులకు భరోసా లేని చెల్కలో కందితో కూడిన మామూలు సాగే తెలివైన పని. కాలువ కింద యాసంగిలో, వరికి బదులు వేసే మక్కకు మాత్రం సాంద్ర పద్ధతే తగినది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం దగ్గరలోనే ఉంది కనుక, రకం, ఎరువు మోతాదు అక్కడ అడిగి నిర్ణయించుకోవచ్చు.

2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,400 రూపాయలు. ఆ ధర పూర్తిగా దక్కినా, సాంద్ర సాగుకు ఎకరానికి అదనంగా పెట్టే ప్రతి 5 వేల రూపాయలూ తిరిగి రావాలంటే 2 క్వింటాళ్లకు పైగా అదనపు దిగుబడి రావాలి; మార్కెట్ ధర అంతకన్నా తగ్గితే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది.